రేడియేటర్‌లో మూడు పిడికిళ్ల పసుపు

పదకొండేళ్లుగా మోస్తున్నాను. మూటైతే ఎక్కడో ఒకచోట దించి, భుజం మార్చుకుని మళ్లీ ఎత్తుకోవచ్చు. ఇది గొంతులో ఉంటుంది. పసుపు వాసన తగిలినప్పుడల్లా కదులుతుంది. నేనుండేది నిజామాబాద్‌లో. ఇక్కడ పసుపు వాసన తగలని రోజు ఎక్కడ దొరుకుతుంది నాకు?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి పడకండి. "పోనీలే, ఇప్పటికైనా చెప్పాడు" అనకండి. ఆ మాట మీ నోట రప్పించడం నాకు చేతకాక కాదు. నలభై ఏళ్లుగా ఎదుటివాడి నోట నాకు కావలసిన మాట రప్పించే పనిమీదే బతుకుతున్నాను. ఈసారి ఆ పని చేయకూడదని కూర్చున్నాను. ఎంతవరకు కుదురుతుందో చూడాలి.

నా పేరు రాయను. చూశారా, ఇక్కడ కూడా బేరమే. ఇచ్చేదాంట్లో కొంత వెనక్కి ఉంచుకోవడం. కానీ ఒక పేరు మాత్రం దాచను. దానియేలు. ఎడపల్లిలో బోధన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీలు బాగుచేసిన దానియేలు. ఆ పేరుకు మసి పూసింది నేను. ఈ నాలుగు కాగితాలు దానికోసమే.

మా బాపుకు గంజ్‌లో పసుపు దుకాణం ఉండేది. అటుపక్క బెల్లం, ఇటుపక్క మిర్చి, ఎదురుగా గోనెసంచులు. నేను అక్షరాలకంటే ముందు ఒట్లు నేర్చుకున్నాను. "పిల్లల మీద ఒట్టు, నాకు గిట్టది" అని మా బాపు రోజుకు పదిసార్లు అనేవాడు. ఆ ఒట్లే ఫలించి ఉంటే మా ఇంట్లో ఒక్క పిల్లవాడూ మిగిలేవాడు కాదు. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. వాడూ అలాంటి ఒట్టే వేసేవాడు. గంజ్‌లో ఒట్టంటే బేరం కుదిరే ముందు వచ్చే దగ్గు లాంటిది. ఎవరూ పట్టించుకోరు.

ఒట్టును పట్టించుకునే మనుషులు కూడా ఉంటారని నాకు దానియేలు వల్ల తెలిసింది. తెలిసి ఏం చేశాను? దాన్నే వాడుకున్నాను.

నేను పసుపు వదిలి లారీ సామాన్ల దుకాణం పెట్టాను. దాంతోపాటు పాత లారీలు కొని, పైపైన రంగులు పూయించి అమ్మేవాణ్ని. మా వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. మెకానిక్ తన గిరాకీని ఏ దుకాణానికి పంపితే ఆ దుకాణం వాడు మెకానిక్‌కు కొంత ముట్టజెప్పాలి. అందరూ తీసుకునేవాళ్లు. దానియేలు తీసుకోలేదు. మొదటిసారి నేను చేతిలో పెట్టబోతే వెనక్కి జరిగి, "గదేదో గిరాకికే తగ్గియ్యి సేటు, బండి ఆయనది" అన్నాడు. గిరాకీ పక్కనే నిలబడి విన్నాడు. ఇక తగ్గించక తప్పుతుందా? ఆ రోజు నుంచి ఆ మనిషి అంటే నాకు ఒళ్లు మంట. దొంగ మెకానిక్‌తో ఎన్నేళ్లయినా వ్యాపారం చేయొచ్చు. తీసుకోనివాడు ఎదురుగా నిలబడితే మనం ఎంత తీసుకుంటున్నామో మనకే కనబడుతుంది. దాన్ని క్షమించడం నాలాంటివాడి వల్ల కాదు.

పనిలో అతనికి ఒక పద్ధతుండేది. బండి వేడెక్కుతోందని ఎవరైనా వస్తే వెంటనే ముట్టుకునేవాడు కాదు. "రాత్రంత ఈడనే ఉండనియ్యి. పొద్దుగాల సల్లగున్నప్పుడు బండి నిజం జెప్తది. వేడి మీద ఏదో ఒకటి వాగుతది" అనేవాడు. తెల్లవారి మూత తీసి, నీళ్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూసేవాడు. మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయించి, నీళ్లలో బుడగలు వస్తున్నాయా అని చూసేవాడు. పై పైపును పిసికేవాడు. ఆయిల్ పుల్ల గుంజి, పాలు కలిపిన చాయ్ రంగు వచ్చిందా అని వెలుతురులో పట్టి చూసేవాడు. చివరికి బండి కొంచెం తిరిగొచ్చాక రేడియేటర్ మీద అరచేయి పెట్టి పైనుంచి కిందికి మెల్లగా జరిపేవాడు, జ్వరమొచ్చిన పిల్ల వీపు నిమిరినట్టు. ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ దారి మూసుకుపోయిందని లెక్క. ఇన్ని చూశాకే పానా పట్టేవాడు. ముందే ఇంజన్ హెడ్ దించేసి కూలి రాబట్టే వాళ్లమధ్య ఇలాంటివాడు ఒకడుంటే మిగతావాళ్లకు ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

ఆ లారీని నేను మహారాష్ట్ర వైపు నుంచి తెచ్చాను. వయసు మళ్లిన బండి. దారిలోనే ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి లేచింది. దుకాణం దగ్గర ఆపి చూస్తే రేడియేటర్ అడుగున సన్నటి చెమ్మ. రేడియేటర్ విప్పించి అతుకు వేయిస్తే సరిపోయేది. ఒక రోజు పని. కానీ విప్పితే ఇంకేం బయటపడుతుందో అన్న భయం నాది. అమ్మేవాడికి తెలియనిది అమ్మేవాడి తప్పు కాదని మా గంజ్ న్యాయం.

పాత డ్రైవర్లకు ఒక చిట్కా తెలుసు. అడవిలో రేడియేటర్ కారితే చిటికెడు పసుపు వేస్తారు. అది వేడినీళ్లలో ఉబ్బి, సన్నటి చిల్లులో కూర్చుని, ఊరు చేరేదాకా ఆపుతుంది. ఊరు చేరగానే కడిగేయాలి. చిటికెడు వేయాలి, తర్వాత కడగాలి. ఈ రెండు షరతులూ నాకు తెలుసు.

నేను చిటికెడు వేయలేదు. పసుపు దుకాణంలో పుట్టినవాణ్ని, చిటికెడు అంటే నాకు చులకన. ఇంట్లో బస్తా ఉంది. పిడికిలి నిండా తీశాను. ఇంకా చెమ్మ కనబడుతోంది. ఇంకో పిడికిలి. అమ్మేదాకా గట్టిగా ఉండాలని మరొకటి. మూడు. బండి ఒక గంట నడిపి, పైన పసుపచ్చగా తేలిన నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు పోసి, మూత తుడిచాను. చెమ్మ ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పసుపు శుభం కదా అని మా ఆవిడతో జోకు కూడా వేశాను.

కొన్నది రావుగారు. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి చందూర్ దగ్గర కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. చెరకు రైతు. బోధన్‌లో చక్కెర మిల్లు మూతపడ్డాక చెరకు దూరం తోలాల్సి వచ్చి, కిరాయి లారీలతో వేగలేక సొంతంగా ఒకటి కావాలనుకున్నారు. ఆయనకు దానియేలు మీద గురి. "మా దానియేలు ఒకసారి చూస్తే బాగుంటుందండీ" అన్నారు. నేను బేరానికి ఆదివారం పొద్దున పెట్టాను. ఆదివారం దానియేలు షెడ్డు తీయడు, ప్రార్థనకు పోతాడు. అది ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. రేపటికి ఇంకో పార్టీ వస్తోందని చెప్పాను. ఏ పార్టీ లేదు. రావుగారు కొన్నారు. వాళ్లావిడ వచ్చి ముందుభాగానికి పసుపు కుంకుమ పెట్టింది. లోపలున్నది చాలదన్నట్టు.

దానియేలు ప్రార్థనకు పోయిన పూట చూసి నేను బేరం పెట్టుకున్నాను. అతని భక్తిని నేను వాడుకోవడం అదే మొదటిసారి. రెండోసారి ఇంతకంటే ఘోరంగా చేశాను.

చెరకు కోత మొదలైంది. ఖాళీగా పోయినప్పుడు బండి బాగానే ఉండేది. లోడు ఎక్కితే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. రావుగారు దానియేలు దగ్గరికి తోలించారు. అతను రాత్రంతా ఉంచమన్నాడు. కోత ఆగదు, చెరకు ఎండితే బరువు పోతుంది, ఉంచలేమన్నారు. మొదటిసారి అతను తన పద్ధతి తప్పాడు. వేడి మీదే చూశాడు. వాటర్ పంపు దగ్గర తడి కనబడితే సీలు మార్చాడు, మూత మార్చాడు, బెల్టు బిగించి పంపాడు. నాలుగో రోజు బండి నిండు చెరకుతో రోడ్డు మీద పొగలు కక్కి ఆగింది. హెడ్ వంగింది. చెరకు అక్కడే ఎండింది.

ఈసారి దానియేలు ఎవరి తొందరా వినలేదు. రేడియేటర్ దించి, అడుగు తొట్టి అతుకు కరిగించి విప్పాడు. రావుగారితో నాకు కబురు పంపాడు.

నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. షెడ్డు ముందు గోనెపట్టా మీద రేడియేటర్ వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. గొట్టాల నిండా పసుపచ్చటి అడుసు. తుప్పుతో, పాత పాచితో కలిసి గట్టిపడిపోయింది. రావుగారు నిలబడి ఉన్నారు. లోడు దించి వచ్చిన ఇద్దరు డ్రైవర్లు బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. అది నా పసుపేనని చూడగానే తెలిసింది. కానీ ముఖం? ముఖం మా బాపు ఇచ్చిపోయిన ఆస్తి. అది కదలదు.

దానియేలు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గొంతు పెంచలేదు.

"సేటు, గీ పసుపు ఎవలు పోసిండ్రో నాకెరుకే. రావు సార్‌కు నీ నోటితోని ఒక్క మాట జెప్పి పో. మిగతది నేను జూసుకుంట. హెడ్ పనికి కూలి గూడ అడగ."

ఎంత తేలిక దారి ఇచ్చాడో చూడండి. ఒక్క మాట. ఆ మాట చెప్పి ఉంటే నేను మీకు ఇదంతా రాసేవాణ్ని కాదు. కానీ నాకు వినబడిందేమిటి? కమిషన్ వద్దన్నవాడు ఇప్పుడు కూలి కూడా వద్దంటున్నాడు. మళ్లీ నాకంటే పైన నిలబడ్డాడు.

పక్కన అతని సామాన్ల పెట్టె తెరిచి ఉంది. అందులో కాగితప్పొట్లం. అది ఏమిటో నాకు తెలుసు. పానా జారి వేళ్లు చీరుకుపోతే మెకానిక్‌లందరూ అద్దుకునే పసుపే.

"ముందుగాల నీ డబ్బాల ఏమున్నదో సార్‌కు సూపియ్యి" అన్నాను.

"గది దెబ్బ తాకితె పెట్టుకునేది. ఇంత పొట్లం. గీడ సూడు, ఎంతున్నదో..."

అతను తూకం మాట ఎత్తబోతున్నాడు. ఆ పొట్లం ఇంకా సగం నిండే ఉంది. గోనె మీద ఉన్నది దానికి పదింతలు. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లవాడికైనా అర్థమైపోతుంది. గంజ్‌లో మొదటి పాఠం ఇదే: ఎదుటివాడు కాటా వైపు చూడబోతే మాట మార్చు.

"ముందు బండి ఎవల చేతికచ్చింది? నీ చేతికే గద! కారుడు బందు జేసుడు నీతోని గాలే. ఇంత పసుపు కొట్టి పంపినవ్. బండి ఆగినంక ఇప్పుడు నా మీద రుద్దుతున్నవ్."

"ఏమయ్యా దానియేలూ?" అన్నారు రావుగారు. ఆయన గొంతులో ఎండిన చెరకు ఉంది. "నువ్వు వెయ్యలేదు కదా? ఉన్నమాట చెప్పు."

"ఎయ్యలే సార్."

"అట్లయితె ఒట్టెయ్యి!" అన్నాను నేను. "మీ బైబిల్ మీద ఎయ్యి. అందరి ముంగట ఎయ్యి. నేనైతె ఎస్త."

అతను వేయడని నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట నా దుకాణంలోనే ఎవరో "ఒట్టేసి చెప్పు" అంటే అతను నవ్వి, ఒట్టు వద్దని తమ బైబిల్లోనే ఉందనీ, తమ ఇంట్లో ఆ అలవాటు లేదనీ అన్నాడు. ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను. అవసరానికి పనికొస్తుందని పెట్టెలో మేకులు దాచుకున్నట్టు దాచుకున్నాను.

దానియేలు నన్ను చూడలేదు. రావుగారినే చూశాడు.

"మేం ఒట్టెయ్యం సార్. మా బాపు నేర్పలే. అవునంటె అవును, కాదంటె కాదు. గంతే."

"సూసిండ్రా సార్?" అన్నాను డ్రైవర్ల వైపు తిరిగి. "నోట్లెకెళ్లి ఒట్టు వస్తలేదు!"

ఒక డ్రైవర్ నవ్వాడు. ఆ నవ్వు చాలు నాకు. రెండు చేతులూ పైకెత్తాను. "శివయ్య మీద ఒట్టు. నా బిడ్డ మీద ఒట్టు. గా పసుపు నేను ఎయ్యలే." నా కూతురికి అప్పుడు ఆరేళ్లు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంట్లో అన్నం తింటూ ఉండి ఉంటుంది.

అప్పుడు దానియేలు నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. మీద పడతాడనుకున్నాను. పడితే నాకు ఇంకా లాభం కదా. అతని ముఖంలో కోపం లేదు. నిజంగా బెదిరిపోయిన మనిషి ముఖం అది.

"గా పిల్లేం జేసింది సేటు నీకు?" అన్నాడు.

రావుగారు ఆ మాట విన్నారో లేదో తెలియదు. రేడియేటర్ వైపు చూస్తూ, "బండి వేరే షెడ్డుకి పంపిస్తాను" అన్నారు. అంతే. ఆయనకు వయసులో, చదువులో నాకంటే ఎక్కువ లోకం తెలుసు. కానీ ఆయన పుట్టి పెరిగిన లోకంలో తప్పు చేయనివాడు ఒట్టుకు వెనకాడడు. ఆయన తప్పు అంతవరకే. మిగతా అంతా నాది.

చెరకు రైతులు మాట మీద నడిచే మనుషులు. రావుగారు ఎవరి దగ్గరా దానియేలును తిట్టలేదు. బండి మాత్రం పంపలేదు. ఎందుకని ఒకరడిగారు, ఇద్దరడిగారు. "ఒట్టెయ్యమంటే వెయ్యలేదట" అన్న మాట ఆ సీజన్ పూర్తయ్యేలోపు చందూర్ నుంచి బోధన్ దాకా ప్రతి కళ్లంలో తిరిగింది. మరుసటి చెరకు కోతకు ఆ రేకుల షెడ్డులో ఎవరో గేదెలు కట్టేసుకున్నారు.

నేనేం చేశాను? ఎడపల్లి మీదుగా పోయేటప్పుడు అటువైపు తల తిప్పేవాణ్ని కాదు. మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను: వేడి మీద చూడడం అతని తప్పు కాదా? అదీ ఒక బేరమే. నాతో నేను బేరమాడి నెగ్గడం ఎంత సులువో! ఆ ఏడు నా కూతురికి జ్వరమొస్తే, మా ఆవిడ పాలలో పసుపు కలిపి తెస్తే, గ్లాసు లాక్కుని పారబోశాను. ఎందుకని అడిగింది. పాలు విరిగాయన్నాను. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. ఆ పిల్లకు ఇప్పుడు పదిహేడు. ఏ దెబ్బా తగల్లేదు. మా ఇంటి ఒట్లను దేవుడు కూడా పట్టించుకోడన్నమాట. దీనికి నేను సంతోషించాలి కదా? సంతోషంగానే ఉంది. కానీ ఏదో ఒక శిక్ష పడి ఉంటే చెల్లుకు చెల్లు అనుకునేవాణ్ని. నాలోని దుకాణదారుడు అలా అనుకోగలడు, కూతురి విషయంలో కూడా. ఈ మనిషిని మీరు క్షమిస్తారా? క్షమించకండి.

రావుగారు ఇప్పటికీ నా దుకాణానికే వస్తారు. కొత్తవాళ్లను తీసుకొచ్చి, "ఈయన మాటంటే మాటేనండీ, ఆ రోజు పిల్ల మీద ఒట్టేసి చెప్పారు" అని పరిచయం చేస్తారు. నేను చాయ్ తెప్పిస్తాను.

పోయిన నెల బైపాస్ దగ్గర ఒక పెద్ద షెడ్డుకు సామాను ఇవ్వడానికి వెళ్లాను. లోపల ఒక ముసలి లారీ ముందు నిలబడి పై పైపు పిసుకుతున్న మనిషి వీపును చూసి ఆగిపోయాను. జుట్టు నెరిసింది. అక్కడ అతను కూలికి పనిచేస్తున్నాడట. వెళ్లి వెనక నిలబడ్డాను. పదకొండేళ్లలో ఎన్నిసార్లు కూర్చుకున్నానో ఆ మాటలు.

"దానియేలన్నా... ఒక్క మాట."

అతను తిరగలేదు. అరచేయి రేడియేటర్ మీద పెట్టి, పైనుంచి కిందికి జరుపుతూనే ఉన్నాడు.

"ఒట్టేసి జెప్తవా సేటు?"

అతని చేయి ఒకచోట ఆగింది. చల్లగా తగిలిందేమో.

"నీ బిడ్డ మంచిగున్నదా?"

"ఉన్నది."

"గది సాలు. పో."

నేను చెప్పబోయింది అతను నన్ను చెప్పనివ్వలేదు. న్యాయమే. అతనికి తెలిసిందే అతనికి చెప్పి, నా గొంతు ఖాళీ చేసుకుని, తేలికపడి ఇంటికి పోదామని వచ్చాను. అంత చవకగా ఇవ్వనన్నాడు. బేరంలో మొదటిసారి నేను ఓడింది అతని దగ్గరే.

తెలియాల్సింది రావుగారికి. ఆయన ఎదుట నిలబడే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందని మీకు మాటివ్వను. కానీ ఆయన అచ్చులో కనబడిందల్లా చదివే మనిషి. ఇది ఆయన కంటపడితే నా పేరు అక్కర్లేదు. ఆదివారం పొద్దున బేరం, వాళ్లావిడ పెట్టిన బొట్టు, గోనెపట్టా మీద రేడియేటర్. చాలు, గుర్తుపడతారు. పెట్టెలో ఉన్న ఆ చిన్న పొట్లాన్ని కూడా గుర్తు తెచ్చుకోండి రావుగారూ. ఇప్పుడు తూచి చూడండి.

పసుపు నేనే వేశాను. మూడు పిడికిళ్లు, ఈ కుడిచేత్తో. దానియేలు వేయలేదు.

ఒట్టు వేయను. అవునంటే అవును.